పోలీసు ఐడీ కార్డును ప్రభుత్వం ఎలా కొంటుంది? అది ఎక్కడ బలహీనపడుతుంది?

గత ఏడాది మా పిన్నికి ఒక వీడియో కాల్ వచ్చింది. అవతల ఖాకీ చొక్కా, వెనుక గోడ మీద మూడు సింహాల బొమ్మ. మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని చెబుతూ, ఆ మనిషి మెడలో ఉన్న ఐడీ కార్డును కెమెరాకు దగ్గరగా తెచ్చి రెండు క్షణాలు పట్టుకున్నాడు. పక్కింటి అబ్బాయి సమయానికి వచ్చి ఫోన్ కట్ చేశాడు కాబట్టి డబ్బు పోలేదు. ఆ రాత్రి పిన్ని నన్నొక ప్రశ్న అడిగింది. "అది దొంగ కార్డని ఇప్పుడు అందరూ అంటున్నారు. అసలు కార్డు ఎలా ఉంటుందో మీలో ఎవరైనా చూశారా?"

నేను చూడలేదు. మనలో చాలామంది చూసి ఉండరు. 2024 అక్టోబర్ 27న 'మన్ కీ బాత్'లో ప్రధాని ఇలా వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్టుల గురించి మాట్లాడాక, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదన్న సంగతి ఇంటింటికీ చేరింది. మోసపోతే ఫోన్ చేయాల్సిన 1930 నంబరు కూడా చాలామందికి తెలిసింది. కార్డు సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ ప్లాస్టిక్ ముక్కను ఎవరు కొంటారు, ఎవరు అచ్చు వేస్తారు, దొంగ చేతికి అలాంటిదే మరొకటి ఎలా వస్తుంది? వీటికి జవాబులు టెండరు కాగితాల్లో, స్టోర్ రూమ్ రిజిస్టర్లలో ఉంటాయి.

'ఐడీ' అన్న ఒక్క మాటలో ఎన్ని వస్తువులు

పోలీసు మనిషి ఒంటి మీద గుర్తింపు చెప్పేవి చాలా ఉంటాయి. చొక్కా మీద నేమ్ ప్లేటు, భుజం మీద హోదా తెలిపే నక్షత్రాలు, టోపీ మీద చిహ్నం, జేబులో లేదా మెడలో ఫొటో ఉన్న కార్డు. వీటిలో నేమ్ ప్లేటు, నక్షత్రాలు, బెల్టు పోలీసు లైన్ల దగ్గరి యూనిఫాం దుకాణాల్లో దొరుకుతాయి. కొనేవారు నిజంగా పోలీసేనా అని ప్రతి దుకాణంలోనూ అడుగుతారన్న నమ్మకం లేదు. కాబట్టి యూనిఫాం చూసి మనిషిని నమ్మడానికి గట్టి ఆధారం లేదు. ఆ భారం మోయాల్సింది కార్డే. మఫ్టీలో వచ్చినవారి విషయంలో అయితే కార్డు తప్ప చూపడానికి ఇంకేమీ ఉండదు.

కార్డు కొనడం అన్నా ఒక్క వస్తువును కొనడం కాదు. ముందుగా ఖాళీ కార్డులు, అంటే ఫొటో, పేరు ఇంకా ఎక్కని ప్లాస్టిక్. బ్యాంకు ఏటీఎం కార్డుకూ దీనికీ కొలత ఒకటే: పొడవు 85.60 మిల్లీమీటర్లు, వెడల్పు 53.98, మందం 0.76. తర్వాత ప్రింటరు, రంగుల రిబ్బన్, పైన అతికే పారదర్శక పొర, ఆ పొరలో హోలోగ్రామ్, కార్డు పెట్టుకునే హోల్డర్, మెడలో వేసుకునే ట్యాగు. చిప్ ఉన్న కార్డయితే దాన్ని చదివే యంత్రం, సాఫ్ట్‌వేర్ కూడా. ఇవన్నీ ఒకే సంస్థ దగ్గర కొనొచ్చు, వేర్వేరుగా కూడా కొనొచ్చు. ఎలా కొన్నారన్న దాని మీదే కార్డు భద్రత చాలావరకు ఆధారపడుతుంది.

చట్టం ఏమంటోంది

రాజ్యాంగం ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రాల పరిధిలోది. అందుకే దేశమంతటికీ ఒకే పోలీసు కార్డు లేదు. రాష్ట్రాన్ని బట్టి కార్డు మారుతుంది. సీబీఐ, ఎన్‌ఐఏ, కస్టమ్స్ వంటి కేంద్ర సంస్థలకు వాటి కార్డులు వాటికున్నాయి. మోసగాళ్లకు ఇదే అనుకూలం. హైదరాబాద్‌లో ఉన్న మనిషికి 'ముంబై క్రైమ్ బ్రాంచ్' కార్డు చూపిస్తే పోల్చుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

గుర్తింపు పత్రం ఆలోచన పాతదే. 1861 పోలీసు చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో చేరిన పోలీసుకు ముద్ర వేసిన ధ్రువపత్రం ఇవ్వాలి. ఉద్యోగం పోయిన మరుక్షణం ఆ పత్రం చెల్లదు, దాన్ని వెంటనే తిరిగి అప్పగించాలి. ఇవ్వడాన్నీ వెనక్కి తీసుకోవడాన్నీ ఆ కాలంలోనే ఒకే సెక్షన్‌లో కలిపి రాశారు. వెనక్కి తీసుకోవడం గురించి మళ్లీ మాట్లాడుకోవాలి.

పౌరుడి వైపు నుంచి చూస్తే ముఖ్యమైనది డి.కె. బసు కేసు. పశ్చిమ బెంగాల్‌లో న్యాయ సహాయ సంస్థను నడిపిన ఆయన 1986లో లాకప్ మరణాల గురించి సుప్రీంకోర్టుకు ఒక లేఖ రాశారు. కోర్టు దాన్ని పిటిషన్‌గా తీసుకుని 1996 డిసెంబరు 18న తీర్పునిచ్చింది. ఆ తీర్పులోని 11 ఆదేశాల్లో మొదటిదే గుర్తింపు గురించి. అరెస్టు చేసేవారు, విచారించేవారు తమ పేరు, హోదా స్పష్టంగా కనబడేలా ధరించాలి. ఆ నియమం తర్వాత నేర విచారణ పద్ధతి చట్టమైన సీఆర్‌పీసీలో 41బీగా చేరింది. 2024 జులై 1 నుంచి అది, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 36వ సెక్షన్. అరెస్టు చేసే అధికారి పేరు సులువుగా గుర్తుపట్టేలా, స్పష్టంగా, కనబడేలా ఉండాలని అది చెబుతోంది.

మోసగాడి విషయానికొస్తే, ప్రభుత్వోద్యోగినని నటించి ఆ హోదా ముసుగులో ఏదైనా పని చేస్తే భారతీయ న్యాయ సంహిత 204 కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు. మోసపుచ్చే ఉద్దేశంతో అలాంటి దుస్తులు ధరించినా, గుర్తు పట్టుకు తిరిగినా 205 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఈ సెక్షన్లు మోసగాడు దొరికాక పనికొస్తాయి. మోసం జరగక ముందు అడ్డుపడాల్సింది కార్డు, దాని వెనుక ఉన్న ఏర్పాటు.

ఇండెంట్ నుంచి శాంపిల్ దాకా

కొనుగోలు ఇండెంట్‌తో మొదలవుతుంది. మాకు ఇన్ని కార్డులు కావాలని యూనిట్లు రాసి పంపుతాయి. పై కార్యాలయంలో వాటిని కూడి, ఎలాంటి కార్డు కావాలో స్పెసిఫికేషన్ రాస్తారు. కేంద్ర కార్యాలయాలకైతే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాలు వర్తిస్తాయి, 2016లో వచ్చిన ప్రభుత్వ ఆన్‌లైన్ బజారు 'జెమ్' పోర్టల్ ద్వారా కొనాలి. రాష్ట్రాలకు వాటి సొంత ఫైనాన్షియల్ కోడ్ ఉంటుంది. ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే దేశానికి దారి చూపింది.

మొత్తం చిన్నదైతే కొటేషన్లతో సరిపోతుంది, పెద్దదైతే టెండరు పిలవాలి. టెండరు తప్పించుకోవడానికి ఒక పెద్ద అవసరాన్ని చిన్న ముక్కలు చేసి కొనకూడదని కేంద్ర నియమాల్లో 157వ నియమం చెబుతోంది. బిడ్ వేసే సంస్థ ముందుగా ధరావతు కడుతుంది. దీన్నే ఈఎండీ అంటారు. సాధారణంగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. బిడ్లు రెండు భాగాలుగా వస్తాయి. సాంకేతిక బిడ్‌లో నెగ్గినవారి ధరల కవరు మాత్రమే తెరుస్తారు. అందులో తక్కువ ధర చెప్పినవారే ఎల్‌1. ఆర్డరు వారిదే.

ఇంకో షరతు కూడా ఉంది. భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశాల సంస్థలు ముందుగా రిజిస్టర్ చేసుకుంటేనే బిడ్ వేయాలని 2020 జులైలో కేంద్రం ఆదేశించింది. కార్డు ప్రింటర్లు, చిప్‌లు విదేశాల నుంచి వచ్చే సరుకు కాబట్టి ఈ రంగంలో దాని ప్రభావం ఎక్కువ.

తక్కువ ధర ఎప్పుడు ఖరీదవుతుంది

ఎల్‌1 పద్ధతిని తిట్టేవారు చాలామంది ఉన్నారు. నేను పూర్తిగా వారి పక్షం కాదు. అధికారి ఇష్టాయిష్టాలకు కళ్లెం వేసేది అదే. చిక్కంతా దేన్ని దేనితో పోల్చుతున్నామన్న దగ్గర వస్తుంది.

ఒక జిల్లాలో 3,000 మంది సిబ్బంది ఉన్నారనుకుందాం. అంకెలన్నీ లెక్క కోసం ఊహించినవే. మామూలు పీవీసీ కార్డు 45 రూపాయలు. చెమటకు, ఎండకు రెండేళ్లలో ఫొటో వెలిసిపోతుంది. పాలీకార్బొనేట్ కార్డు 140 రూపాయలు. దీనిపై ఫొటోను లేజరుతో ప్లాస్టిక్ లోపలే కాలుస్తారు కాబట్టి ఎనిమిదేళ్లు నిలుస్తుంది. టెండరులో 'ఫొటో ఐడీ కార్డు' అని మాత్రమే రాస్తే 1,35,000 రూపాయల పీవీసీ, 4,20,000 రూపాయల పాలీకార్బొనేట్ మీద నెగ్గుతుంది. ఎనిమిదేళ్లకు చూస్తే పీవీసీని నాలుగుసార్లు కొనాలి, అంటే 5,40,000. పైగా నాలుగుసార్లు ఫొటోలు, సంతకాలు, పంపిణీ, పాతవి వెనక్కి తీసుకోవడం.

డబ్బు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది వెలిసిపోయిన కార్డే. ఫొటో కనబడని, అంచులు లేచిపోయిన కార్డులు నిజమైన పోలీసుల దగ్గరే ఉంటే, జనం అలాంటి కార్డుకు అలవాటు పడతారు. అప్పుడు కలర్ ప్రింటు తీసి లామినేషన్ చేసిన దొంగ కార్డుకూ దానికీ తేడా ఏం కనబడుతుంది?

దీనికి పరిష్కారం నియమాల్లోనే ఉంది. ఎల్‌1 కన్నా ముందు సాంకేతిక బిడ్ ఉంది కదా. ఇన్నేళ్లు నిలవాలి, ఇన్నిసార్లు వంచినా విరగకూడదు, పొర లాగితే ఫొటోతో సహా చిరగాలి అని అక్కడ రాస్తే నాసిరకం కార్డు ధరల కవరు దాకా రానే రాదు. మొత్తం కాలానికి అయ్యే ఖర్చును పోల్చమనీ రాయొచ్చు.

అందరికీ చెప్పాలి, ఎవరికీ తెలియకూడదు

ఈ కొనుగోలులో నిజమైన ముడి ఇది. టెండరు అంటే బహిరంగం. ఏం కావాలో స్పష్టంగా రాయకపోతే పోటీ ఉండదు. ఏ సంస్థ కోసమో కావాలని తికమకగా రాశారన్న అనుమానం కూడా వస్తుంది. కార్డులో మైక్రో అక్షరాలు ఎక్కడున్నాయి, అతినీల కాంతిలో ఏ బొమ్మ మెరుస్తుంది, హోలోగ్రామ్ ఏ కోణంలో రంగు మారుతుంది అన్నవి పోర్టల్‌లో పెడితే దొంగకు కూడా పాఠం చెప్పినట్టే.

దీని మీద వాదనలు రెండు. మొదటిది: ఇలాంటి పని ప్రభుత్వ ముద్రణాలయాలకే ఇవ్వాలి. పాస్‌పోర్టులు అచ్చయ్యే నాసిక్ ఇండియా సెక్యూరిటీ ప్రెస్, స్టాంపు పేపర్లు తయారయ్యే హైదరాబాద్ సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ రెండూ కేంద్రానికి చెందిన ముద్రణ సంస్థ ఎస్‌పీఎంసీఐఎల్ కిందే ఉన్నాయి. రహస్యం గోడ దాటదు. రెండోది: పోటీ లేకుండా నామినేషన్ మీద ఇస్తే ధర పెరుగుతుంది, ఆలస్యమైతే అడిగేవారుండరు, 'భద్రత' అన్న మాట చాటున ఏదైనా దాచొచ్చు.

రెండింటిలోనూ నిజముంది. మధ్యేమార్గంగా కనబడే పద్ధతి ఒకటుంది. మన్నిక, కొలత, ప్రింటరు వేగం వంటివి బహిరంగ టెండరులో పెట్టడం, రహస్య భద్రతా గుర్తులను మాత్రం సాంకేతికంగా అర్హత పొందిన సంస్థలకు, గోప్యతా ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాకే చూపడం. నా అభిప్రాయం కూడా అదే. కాకపోతే దాచిన గుర్తులు ఎన్ని ఉన్నా ఇంటి గుమ్మంలో నిలబడ్డ పిన్నికి అవి ఉపయోగపడవు. అవి ఫోరెన్సిక్ ల్యాబ్‌లో నిపుణుడి కోసం. సామాన్యుడు చూసేందుకు కనీసం ఒక్క గుర్తయినా బహిరంగంగా ఉండాలి, దాని గురించి ప్రచారమూ జరగాలి. నోటు మీద భద్రతా దారం గురించి రిజర్వు బ్యాంకు అందరికీ చెప్పినట్టే.

స్టోర్ రూమ్‌లో ఏడు కార్డుల తేడా

మంచి ఖాళీ కార్డు దొరికితే దొంగకు సగం పని అయిపోయినట్టే. అందుకే ఖాళీ కార్డులను చెక్కుబుక్కుల్లా నంబరు వేసి లెక్క పెట్టాలి.

అదే ఊహా జిల్లాకు 3,600 ఖాళీ కార్డులు వచ్చాయనుకుందాం. మొదటి విడత 3,000. ఏడాదిలో పదోన్నతులు, బదిలీలకు 300. పోయినవాటి స్థానంలో 30. ప్రింటింగ్‌లో పాడైనవి 142. మొత్తం 3,472. బీరువాలో 128 మిగలాలి. లెక్కపెడితే 121 ఉన్నాయి. ఏడు తక్కువ. అవి చెత్తలో పడ్డాయా, రిజిస్టరులో రాయడం మరిచారా, బయటకు పోయాయా? సీరియల్ నంబర్లు లేకపోతే ఈ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ దొరకదు. పాడైన 142 కార్డులను ఎవరి సమక్షంలో ముక్కలు చేశారో రాసి ఉండకపోతే అప్పుడు ఏడు కాదు, 149 కార్డుల ప్రశ్న.

రిబ్బన్ సంగతి చాలామందికి తట్టదు. కార్డు ప్రింటర్లలో రంగు రిబ్బన్ నుంచి కార్డు మీదకు దిగుతుంది. అలా దిగినచోట రిబ్బన్ మీద ఖాళీ మిగులుతుంది. వాడేసిన నల్ల రిబ్బన్‌ను వెలుతురుకు ఎత్తి చూస్తే అచ్చయిన పేర్లు, నంబర్లు చదవొచ్చు. దాన్ని చెత్తబుట్టలో వేస్తే సిబ్బంది జాబితాను చెత్తబుట్టలో వేసినట్టే. వాడిన రిబ్బన్‌ను ధ్వంసం చేయాలన్న ఒక్క వాక్యం ఒప్పందంలో ఉండాలి.

అచ్చు పని బయటి సంస్థకే ఇస్తే ప్రమాదం ఇంకా పెద్దది. 3,000 మంది ఫొటోలు, బ్లడ్ గ్రూపులు, ఫోన్ నంబర్లు, చిరునామాలు ఒక ఫైలులో బయటకు వెళతాయి. పని అయ్యాక ఆ ఫైలు ఏమైంది? ఖాళీ కార్డు ఒకరి దగ్గర కొని, పేర్లు ఎక్కించే పని శాఖ కంప్యూటర్ల మీదే చేసుకుంటే ఈ బెడద తగ్గుతుంది. ప్రింటర్లు, సిబ్బంది ఖర్చు పెరుగుతుంది.

పాత కార్డులు వెనక్కి తీసుకోవడం అన్నిటికన్నా కష్టం. మన రెండు రాష్ట్రాలకు ఇది బాగా తెలిసిన వ్యవహారమే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయి తెలంగాణ పోలీసుకు కొత్త చిహ్నం వచ్చింది. 2016 అక్టోబరులో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31కి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26కి పెరిగాయి. చిహ్నం, యూనిట్ పేరు మారిన ప్రతిసారీ కొత్త కార్డుకు టెండరు పిలవొచ్చు. పాతది అప్పగిస్తేనే కొత్తది అన్న షరతు లేకపోతే రెండు తరాల కార్డులూ జనంలో తిరుగుతాయి.

అమెరికాలో 21 గుమ్మాలు

2000 ఏప్రిల్, మే నెలల్లో అమెరికా పార్లమెంటు తనిఖీ సంస్థ జీఏఓ ఒక రహస్య పరీక్ష చేసింది. ఇంటర్నెట్‌లో దొరికిన సమాచారంతో, బజారులో అమ్మే సాఫ్ట్‌వేర్‌తో దర్యాప్తు అధికారుల దొంగ కార్డులు తయారుచేసుకుని జీఏఓ మనుషులు 19 ఫెడరల్ ప్రాంగణాలకు, 2 విమానాశ్రయాలకు వెళ్లారు. అన్నిచోట్లా లోపలికి వెళ్లగలిగారు. ఆ కార్డు నిజంగా ఆ సంస్థ ఇచ్చిందేనా అని ఎవరూ సరిచూడలేదు. అదే ఏడాది చివర్లో దొంగ బ్యాడ్జీల మీద చట్టం వచ్చింది. 2001 దాడుల తర్వాత, 2004 ఆగస్టు 27న అధ్యక్షుడి ఆదేశంతో ఫెడరల్ ఉద్యోగులందరికీ ఒకే ప్రమాణం గల చిప్ కార్డు తప్పనిసరి చేశారు. 2005 ఫిబ్రవరిలో ఎఫ్‌ఐపీఎస్ 201 అనే ప్రమాణం వెలువడింది. పరీక్షలో నెగ్గి ఆమోదిత జాబితాలో చేరిన పరికరాలనే సంస్థలు కొనాలి.

ఆ చిప్ తలుపు దగ్గరి యంత్రానికి బాగా జవాబు చెబుతుంది. వీధిలో మనిషికి చెప్పదు. మన దగ్గర చాలామంది సూచించే క్యూఆర్ కోడ్‌కూ ఇలాంటి పరిమితే ఉంది. మామూలు క్యూఆర్ ఒక వెబ్ చిరునామా మాత్రమే. దొంగ తన కార్డు మీద తన క్యూఆర్ వేసుకుంటాడు, అది అతని దొంగ సైటుకే వెళుతుంది, అక్కడ పచ్చ టిక్కు కనబడుతుంది. ఆధార్ మీద ఉన్నట్టు డిజిటల్ సంతకంతో కూడిన క్యూఆర్ అయితే అధికారిక యాప్ ఆ సంతకాన్ని సరిచూస్తుంది కాబట్టి మార్చడం కుదరదు. ఆ యాప్ కూడా కార్డుతో పాటే కొనాల్సిన సరుకు. స్పెసిఫికేషన్‌లో అది లేకపోతే తర్వాత విడిగా మళ్లీ టెండరు.

పేరా, నంబరా

కార్డు మీద ఏం కనబడాలన్నది కొనుగోలుకు ముందే తేలాల్సిన మాట. పేరు ఉండాలనేవారు డి.కె. బసు తీర్పును చూపిస్తారు. చేయి చేసుకున్న మనిషి ఎవరో తెలియకపోతే ఫిర్యాదు ఎవరి మీద ఇవ్వాలి? మరోవైపు మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో, నిఘా విభాగాల్లో పనిచేసేవారి కుటుంబాలకు పేరు, ముఖం బయటపడటం నిజంగా టెన్షనే. ఆ భయాన్ని సాకు అని కొట్టిపారేయలేం. ఎన్నారై తెలుగువారు దగ్గర నుంచి చూస్తున్న గొడవ కూడా ఇదే. ముసుగులు వేసుకుని వచ్చే ఇమిగ్రేషన్ అధికారుల మీద విమర్శలు వచ్చాక 2025 సెప్టెంబరులో కాలిఫోర్నియా ముసుగులను నియంత్రిస్తూ, గుర్తింపు కనబడాలంటూ చట్టాలు చేసింది. అధికారుల భద్రతకు ముప్పంటూ ఫెడరల్ ప్రభుత్వం కోర్టుకెక్కింది.

బయట నంబరు, లోపల రిజిస్టరులో పేరు అన్నది ఒక రాజీ. అయితే మన 36వ సెక్షన్ పేరు అనే చెబుతోంది. కాబట్టి అరెస్టు చేసే సందర్భంలో నంబరుతో సరిపెట్టడం ఇక్కడ కుదరదు.

నిజమైన కార్డు చూపినా

2021 మార్చిలో లండన్‌లో ఒక పోలీసు అధికారి రాత్రి వేళ రోడ్డు మీద నడిచి వెళుతున్న యువతికి తన వారెంట్ కార్డు (అక్కడ పోలీసు ఐడీ కార్డు పేరు అదే) చూపించి, అరెస్టు చేస్తున్నట్టు నమ్మించి కారెక్కించాడు. తర్వాత ఆమెను హత్య చేశాడు. అతనికి జీవితాంతం జైలు పడింది. ఆ కార్డు దొంగది కాదు. అన్ని హోలోగ్రాములూ సరిగ్గానే ఉన్న నిజమైన కార్డు.

ఆ తర్వాత లండన్ పోలీసులు కార్డును మార్చలేదు. కార్డు వెనుక ఉన్న ఏర్పాటును మార్చారు. మఫ్టీలో ఒంటరిగా ఉన్న అధికారి ఒక మహిళను ఆపితే, తానే కంట్రోల్ రూమ్‌కు వీడియో కాల్ చేయాలి. అతనెవరో, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాడో లేదో అక్కడి సార్జెంట్ ఆ మహిళకే నేరుగా చెబుతాడు. కొత్త ప్లాస్టిక్ అక్కర్లేదు. తాజాగా ఉండే డ్యూటీ జాబితా, ఎత్తే ఫోను, అడిగితే విసుక్కోని మనిషి కావాలి.

మన దగ్గర ఇప్పుడు ఒక మహిళ గుమ్మంలో ఉన్న మనిషి గురించి అత్యవసర నంబరు 112కో దగ్గరి స్టేషన్‌కో ఫోన్ చేసి అడగొచ్చు. అడిగిన పేరు, కార్డు నంబరు అవతలి మనిషి కంప్యూటర్‌లో వెంటనే కనబడాలంటే, కార్డులు అచ్చు వేసిన డేటాబేస్ ఆ కంట్రోల్ రూమ్‌తో కలిసి ఉండాలి. కార్డుల టెండరు రాసే రోజునే ఆ అనుసంధానాన్ని కూడా సరుకుల జాబితాలో ఒక వరుసగా చేర్చొచ్చు.